మా గల్లాపెట్టెలోకి రాని నాణేల గురించి

కేంద్ర ప్రభుత్వంలో ఏ నాణెం మీద ఏ బొమ్మ ఉండాలో, దాన్ని ఎంత విలువకు వేయాలో నిర్ణయించే పెద్దలకు, ఆ నిర్ణయాన్ని లోహంలో అచ్చుకొట్టి పంపే కలకత్తా, ముంబయి, హైదరాబాద్, నోయిడా టంకశాలల అధికారులకు,

బరంపురం నుంచి నమస్కారాలు.

ఒడిశాలో గంజాం జిల్లా మాది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొట్లో రెండూ మాట్లాడతాం. మా నాన్న పెట్టిన కిరాణా కొట్టునే నేనూ నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, పొద్దుటిపూట మాత్రం గల్లా దగ్గర నేనే కూర్చుంటాను. నాణేల సేకరణ నాకు అబ్బింది ఆ గల్లాపెట్టె దగ్గరే. రాత్రి కొట్టు కట్టేముందు చిల్లర లెక్కపెట్టేటప్పుడు కొత్త బొమ్మ కనబడితే తీసి పక్కన పెట్టేవాణ్ణి. అలా పక్కన చేరినవాటిలో ఎక్కువ భాగం మీరు స్మారక నాణేలని పిలిచేవే. మన దేశంలో చాలామంది సేకర్తలు మొట్టమొదట మొదలుపెట్టే శ్రేణి అది. నాకూ అది ప్రాణంగా ఉండేది.

ఆ శ్రేణిలో కొత్తగా వచ్చేవి కొనడం మానేశాను. వయసు మీదపడి మానలేదు, చేతిలో డబ్బు ఆడక మానలేదు. సేకరణ ఇంకా సాగుతోంది, మునుపటికన్నా శ్రద్ధగా సాగుతోంది. ఇష్టం మాత్రం వేరే దారి పట్టింది. ఆ నాణేలు మామూలు మనిషి చేతిలో పడటం మానేశాయి, అదీ కారణం. నా ఇష్టాన్ని తిరిగి ఇటు తిప్పగలిగింది మీరే గనుక ఆ కథ మీకే చెప్పుకుంటున్నాను.

స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణేలు 1964లో వచ్చాయి. నెహ్రూ పోయిన ఏడాదే ఆయన బొమ్మతో రూపాయి, అర్ధరూపాయి వేశారు. కొన్నిటి మీద పేరు హిందీలో ఉంటుంది, కొన్నిటి మీద ఇంగ్లీషులో. 1969లో గాంధీ శతజయంతికి ఇరవై పైసలు, అర్ధరూపాయి, రూపాయి వచ్చాయి, వాటితో పాటు వెండి పది రూపాయల బిళ్ళ కూడా. మరుసటేడు పసుప్పచ్చని ఇరవై పైసల మీద తామరపువ్వు పూసింది. అందరికీ ఆహారం అన్నది దాని పిలుపు. ఐక్యరాజ్యసమితి వారి ఆహార, వ్యవసాయ సంస్థ దేశదేశాల నాణేల మీద ఆకలి మాట రాయిస్తున్న రోజులవి. మన ప్రభుత్వం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. 1973లో పంటలు పెంచండన్నారు. 1974లో కుటుంబ నియంత్రణ, 1976లో అందరికీ తిండీ పనీ, 1977లో పొదుపు, 1978లో అందరికీ తిండీ నీడా, 1979లో బాలల సంవత్సరం, 1980లో పల్లెటూరి ఆడవాళ్ళ అభివృద్ధి, 1981లో ప్రపంచ ఆహార దినం.

ఈ సందర్భాలకు సేకర్తల కోసం పెద్ద విలువ బిళ్ళలు వేరుగా వేశారు. దానికి నేనేమీ అనను. నేను గుర్తు చేయదలచింది వాటి పక్కన ఉన్న చిన్న బిళ్ళల్ని. ప్రతి నినాదానికీ అయిదు పైసలో, పది పైసలో, ఇరవై పైసలో, పావలానో, అర్ధరూపాయో తప్పకుండా ఉండేది. 1974 నాటి పది పైసల బిళ్ళ అల్యూమినియంది, అంచు పూలరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది. దాని మీద తల్లీ తండ్రీ పిల్లలూ. చికిటి వైపు నుంచి, పాత్రపురం వైపు నుంచి మా నాన్న దగ్గరికి సరుకుకు వచ్చే రైతులు అది చేతిలో పడగానే తిప్పి చూసి, ఈ బొమ్మ ఏటి బాబూ అని అడిగేవారు. ఆయన తెలుగువాళ్ళకు తెలుగులో, ఒడియావాళ్ళకు ఒడియాలో చెప్పేవారు. చదువు రానివాడికి ప్రభుత్వం చెప్పదలచిన మాట పది పైసల బిళ్ళ మీద చేరింది. అందుకు అతను కట్టిన ధర ఏమీ లేదు, పది పైసలు ఇచ్చి పది పైసల బెల్లం కొనుక్కుపోయాడు.

నా సేకరణ మీద నా ప్రేమంతా ఈ సంగతి మీదే నిలబడింది. నేను డబ్బాలో దాచుకున్న బిళ్ళలాంటిదే ఇంకొకటి ఆ పూటకి ఎవరో ఒకరి రొంటిన ఉంది. నాదీ వాళ్ళదీ ఒకటే నాణెం. నేను కొంచెం ఎక్కువసేపు చూశాను, అంతే తేడా.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు పది పైసలు, పావలా, రెండు రూపాయలు వచ్చాయి. 1985లో ఇందిరాగాంధీ బొమ్మతో అయిదు రూపాయల పెద్ద బిళ్ళ, అర్ధరూపాయి. అదే ఏడాది యువజన సంవత్సరం రూపాయి, తర్వాత 1987లో చిన్న రైతుల రూపాయి. ఈ రెండూ ఎంత విరివిగా వచ్చాయంటే మా గల్లాలో వాటిని ఎవరూ వింతగా చూసేవారు కాదు. 1990లో అంబేడ్కర్ శతజయంతి రూపాయి వచ్చింది. అది మాత్రం గల్లాలో నిలవలేదు. మా వెనక వీధి నుంచి వచ్చేవాళ్ళు, ఆ రూపాయి ఉంటే ఇవ్వండి బాబూ, దీనికి మారు ఇది తీసుకోండి అని వేరే రూపాయి ఇచ్చి పట్టుకుపోయేవారు. కొందరు ఇళ్ళలో దేవుడి గూట్లో పెట్టుకున్నారు. రూపాయికి రూపాయి మార్పిడితో ఒక మనిషి తన దేవుణ్ణి ఇంటికి తీసుకుపోగలిగాడు. స్మారక నాణెం అనేది చేయవలసిన పని ఇంతకన్నా ఏముంటుందో నాకు తెలియదు.

తర్వాత వచ్చినవన్నీ ఏకరువు పెట్టను. రెండు మూడే చెబుతాను. 2003లో రైల్వేకి నూట యాభై ఏళ్ళు నిండాయని రెండు రూపాయల బిళ్ళ వచ్చింది. హౌరా నుంచి వాల్తేరు పోయే రైలు మార్గం మీద ఉన్న ఊరు మాది. పలాసలో, ఖుర్దారోడ్‌లో రైలు పనిచేసి ఇంటికి వచ్చేవాళ్ళ జేబుల్లో ఆ బిళ్ళ ప్రత్యేకంగా ఉండేది. 2015లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పది రూపాయలు వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మా మేనమామ దాన్ని చూసి, మా వైస్‌చాన్స్‌లరు అని మురిసిపోయాడు. ఆయన చదివేనాటికి రాధాకృష్ణన్ వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయింది, అయినా ఆ అభిమానం అలాంటిది. 2016లో బిజూ పట్నాయక్ శతజయంతికి వంద రూపాయల నాణెంతో పాటు అయిదు రూపాయలది కూడా వేశారు. బిజూబాబు పూర్వీకులది మా గంజాం జిల్లాయే. ఆ అయిదు రూపాయల బిళ్ళ ఒక టీ కొట్లో మిగతా చిల్లరతో పాటు నా చేతిలో పడింది. పక్క బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ చూపించాను. పావుగంట సేపు ఆయన విమానం నడిపిన కథలే చెప్పుకున్నారు అక్కడ.

ఇక మలుపు గురించి. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భంగా 2010 నాటి నాణేలు వేసినప్పుడు మొదటిసారిగా వెయ్యి రూపాయల బిళ్ళ వచ్చింది. దానికి తోడు అయిదు రూపాయలది కూడా ఉంది. ఠాగూరు నూట యాభైయ్యవ జయంతికి నూట యాభై రూపాయల నాణెం, దానికీ తోడుగా అయిదు రూపాయలది. అప్పటిదాకా నాకు అభ్యంతరం లేదు. పెద్దది పెట్టెలోకి, చిన్నది సంతలోకి. రాను రాను చిన్నది తోడు రావడం తగ్గి, పెద్దది ఒంటరిగా వస్తోంది. 2018 డిసెంబరులో వాజ్‌పేయి వంద రూపాయల నాణెం. 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనానికి డెబ్బై అయిదు రూపాయల నాణెం. 2018 డిసెంబరు 24న భువనేశ్వర్‌లో, ఈస్టిండియా కంపెనీ మీద పైకా సైనికులు చేసిన తిరుగుబాటు పేరిట నాణెం విడుదల చేశారు. 1817లో ఆ తిరుగుబాటుకు ఘుముసరం నుంచి నాలుగు వందల మంది కోందు గిరిజనులు ఖుర్దా వైపు నడిచి వెళ్ళారు. ఘుముసరం ఉన్నది మా జిల్లాలోనే. ఆ కోందుల మనవలు, మునిమనవలు వారంవారం సంతకు వస్తారు. ఆ నాణెం నేను వాళ్ళలో ఒక్కరి చేతిలోనూ చూడలేదు, మా గల్లాలోనూ చూడలేదు.

వీటన్నిటికన్నా నన్ను కదిలించింది 2020 అక్టోబరు 16. ఆహార, వ్యవసాయ సంస్థకు డెబ్బై అయిదేళ్ళు నిండాయని డెబ్బై అయిదు రూపాయల నాణెం విడుదలైంది. అదే సంస్థ. అదే ఆకలి మాట. 1974లో ఆ మాట పది పైసల మీద వచ్చి చికిటి రైతు చేతిలో పడింది. 2020లో డబ్బు ముందే కట్టి, పెట్టెలో పెట్టి పంపితే అందుకునేవాడికే దక్కింది. ఆకలి గురించి చెప్పే నాణెం ఆకలి తెలిసిన చేతిలో పడకపోతే దాని మీద రాత ఎవరికోసం?

ఎన్టీఆర్ నాణెం సంగతి చెప్పకుండా ఒక తెలుగువాడు ఈ ఉత్తరం ముగించలేడు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారు ఆ వంద రూపాయల నాణెం విడుదల చేశారు. మయూర్‌భంజ్ ఆడబిడ్డ, ఒడిశా గర్వంగా చెప్పుకునే మనిషి, తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకున్న మనిషి బొమ్మను లోకానికి చూపించారు. బరంపురంలో తెలుగిళ్ళలో ఆ రోజు పండగే. ఒడియా ఇరుగుపొరుగు వచ్చి మమ్మల్ని అభినందించారు. నాణెం హైదరాబాద్ టంకశాలది. నలభై నాలుగు మిల్లీమీటర్ల అడ్డకొలత, ముప్పై అయిదు గ్రాముల బరువు, అందులో సగం వెండి, మిగిలింది రాగి, నికెలు, జింకు. నేను కొన్నాను. పని చాలా బాగుంది, చెక్కినవాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలి. ముఖవిలువ వందే, అమ్మకం ధర వేలల్లో.

మా కొట్టుకు వచ్చే తెలుగువాళ్ళు చాలామంది అడిగారు. రామారావు గారి బిళ్ళ వచ్చిందటగా, మీ దగ్గర ఉందటగా, ఒకటి ఇప్పిస్తారా, వంద ఇస్తాం అని. నేత పని చేసేవాళ్ళు, రిక్షా లాగేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. మా ఊరి సినిమా హాళ్ళలో ఆయన సినిమాకి మొదటి ఆట టిక్కెట్టు కోసం తెల్లవారుజామున వచ్చి నిలబడినవాళ్ళు. వాళ్ళకు ధర చెప్పాల్సి వచ్చేది. చెప్పాక వాళ్ళ ముఖం చూడటం నాకు కష్టంగా ఉండేది. అంబేడ్కర్ రూపాయి రోజులు గుర్తుకొచ్చేవి. రామారావు గారి బొమ్మతో ఒక అయిదు రూపాయల బిళ్ళ కూడా వేసి ఉంటే ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా ఎన్ని ఇళ్ళలో గోడకు తగిలించిన పటం కింద అది ఉండేదో నేను చెప్పగలను. అప్పటి నుంచే కొత్త స్మారక నాణేలకు డబ్బు కట్టడం ఆపేశాను.

అప్పుడు మనసు ఎటు పోయిందంటే, రోజూ చేతులు మారే మామూలు బిళ్ళల మీదికి. ముప్పై ఏళ్ళుగా స్మారక నాణేలు ఏరుకునే తొందరలో పక్కకు తోసేసిన రూపాయి, రెండు రూపాయలు, అయిదు రూపాయలు. వాటిలో ఇంత చదువు ఉంటుందని కూర్చుని చూస్తే గాని తెలియదు. సంవత్సరం అంకెల కింద గుర్తు చూడండి. వజ్రం ఉంటే ముంబయిది, అయిదు కొనల నక్షత్రం ఉంటే హైదరాబాదుది, గుండ్రని చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. మా గల్లాలో ఎక్కువగా కనబడేవి గుర్తు లేనివి, నక్షత్రం ఉన్నవి. ఉత్తరాన కలకత్తా, దక్షిణాన హైదరాబాద్. రెండు వైపుల బళ్ళూ మా హద్దు దగ్గర చిల్లర దింపిపోతున్నాయన్నమాట. నిజాముల నాటి టంకశాల 1903లో సైఫాబాద్‌కు మారి, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చి, 1997లో చర్లపల్లికి వెళ్ళింది. అంత చరిత్ర ఆ చిన్న నక్షత్రం వెనక ఉంది. మా మనవరాలికి ఈ నాలుగు గుర్తులూ నేర్పాను. ఇప్పుడు కొట్లోకి వస్తే చాక్లెట్ డబ్బాకన్నా ముందు గల్లా దగ్గరికే వస్తుంది.

ఇంకొంచెం లోతుకు వెళితే 1985 రూపాయి దగ్గర ఆగాలి. దేశంలో చిల్లర కరువైన రోజులవి. మన టంకశాలలు సరిపోక బ్రిటన్‌లో కూడా మన రూపాయి బిళ్ళలు వేయించారు. బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల వారివైతే హెచ్ అక్షరం ఉంటుంది. లాంట్రిసాంట్‌లోని రాయల్ మింట్ వారివైతే సంవత్సరంలో మొదటి అంకె కింద వజ్రం ఉంటుంది. అదే వజ్రం మధ్యలో ఉంటే ముంబయిది. తర్వాత 1997, 98 ప్రాంతాల మెక్సికోలో వేయించిన రూపాయలూ ఉన్నాయి. ఎం అక్షరం మీద చిన్న సున్నా వాటి ఆనవాలు. ఒక రూపాయి కోసం దేశం ఎంత దూరం పోయిందో ఆ గుర్తులు చెబుతాయి. ఈ కథ ఏ విడుదల సభలోనూ చెప్పలేదు, ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మలేదు. ముఖవిలువకే దొరికింది.

అక్కడి నుంచి వెనక్కి, అణాల దగ్గరికి వెళ్ళాను. ఏడవ ఎడ్వర్డు కాలంలో 1906 నుంచి వచ్చిన అణా బిళ్ళ అంచు కూడా వంపులు తిరిగి ఉంటుంది. దాని మీద విలువ ఇంగ్లీషుతో పాటు నాగరిలో, బెంగాలీలో, ఉర్దూలో, మన తెలుగులో ఉంటుంది. తర్వాత అయిదవ జార్జి కాలంలో 1918 నుంచి వచ్చిన నికెలు బేడ, అంటే రెండణాల బిళ్ళ, మీదా తెలుగు ఉంది. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ తర్వాత ఒడిశాలోకి వచ్చింది. హద్దు మారినా అణా మీద తెలుగు మాత్రం 1947 దాకా ఉండిపోయింది. మా తాత చిట్టా మొత్తం తెలుగులోనే రాసేవాడు, ఇంగ్లీషు ముక్క రాదు. అణా మీద అక్షరాలు మాత్రం కూడబలుక్కోకుండా చదివేవాడు. ఆ నాణేల మీద ఒడియాకు చోటు దక్కలేదన్నది కూడా నేను చెప్పాలి. నా ఒడియా స్నేహితులు ఆ లోటు నాకు చూపించారు, వాళ్ళ మాట న్యాయమే. ఇప్పటి నాణేల మీద హిందీ, ఇంగ్లీషు తప్ప వేరేవి లేవు. నోటు మీద పదిహేను భాషల వరుసలో ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. నాణెం మీద అంత జాగా లేదని నాకు తెలుసు, అన్ని భాషలూ ఎక్కించమని అడగను.

మా జిల్లాకు నాణెం కొత్త కాదు. పురుషోత్తంపురం దగ్గర 1858లో బయటపడిన రాగి నాణేలే, తర్వాత పూరీ కుషాణులని పేరు పడ్డ నాణేల్లో మొదట తెలిసినవి. పూర్వం ఇక్కడ ఏలిన తూర్పు గంగ రాజుల ఫణాలనే చిన్న బంగారు నాణేల మీద పడుకున్న నంది ఒకవైపు, అంకుశం, ఏలుబడి సంవత్సరం ఇంకోవైపు. ఆ సంవత్సరాలు ఒడిశా అంక లెక్క ప్రకారం ఉంటాయి. ఒకటి వదిలేస్తారు, ఆరుతో ముగిసే అంకెలు వదిలేస్తారు, పది తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. ఒడియా పంచాంగాల్లో పూరీ గజపతి రాజు అంక ఇప్పటికీ వేస్తారు. అంటే ఆ ఫణం మీద లెక్క ఈనాటికీ మా పక్కింటి గోడకు వేలాడుతోంది. గింజంత బంగారు బిళ్ళ మీద కూడా రాజుకు తన ఏటిని రాయించుకోవాలనిపించింది, అది సంతలో మారుతుంది గనుక.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరం నాకు తెలుసు. పది రూపాయల బిళ్ళతో జరిగింది చూశాం కదా అంటారు. నిజమే, మా బజారులో చాలా ఏళ్ళు పది రూపాయల బిళ్ళ తీసుకోకుండా తిప్పికొట్టారు. రూపాయి గుర్తు లేనిది చెల్లదన్నారు, వెలుగు గీతలు పది ఉంటే మంచిది, పదిహేనుంటే దొంగది అన్నారు. రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటన ఇచ్చింది. అప్పటికి పద్నాలుగు రకాల పది రూపాయల బిళ్ళలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి అని. 14440కి ఫోన్ చేస్తే ఆ మాటే వినబడేది. నేను గల్లా దగ్గర కూర్చుని ఆ నెంబరు ఎందరికో వినిపించాను. బొమ్మలు ఎక్కువైతే జనం బెదురుతారు అన్నది మీ భయమైతే, ఆ భయానికి నా గల్లా నుంచి ఒక జవాబు ఉంది. అయిదు రూపాయల బిళ్ళ మీద అంతకన్నా ఎక్కువ బొమ్మలు వచ్చాయి. తిలక్, భగత్‌సింగ్, కామరాజ్, మదర్ థెరిసా, స్టేట్ బ్యాంకు, దండి యాత్ర, ఇంకా ఎన్నో. అయిదు రూపాయల బిళ్ళ బొమ్మ చూసి వద్దన్నవాణ్ణి నేను చూడలేదు. తేడా ఏమిటంటే పది రూపాయల బిళ్ళ కొత్తది, దాని గురించి ఎవరూ మా భాషల్లో ముందుగా చెప్పలేదు. బొమ్మ ఎందుకు మారిందో తెలియని చోట పుకారు దూరింది.

పుకారు ఇంకో రూపంలోనూ వస్తోంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలు వస్తాయట, ఇదిగో నా దగ్గర ఉంది, అమ్మిపెట్టండి అని వచ్చేవాళ్ళు మాకు మామూలైపోయారు. ముందు రుసుము కట్టమని ఎవరో ఫోన్ చేస్తారు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నోట్లు, నాణేలు కొంటామనేవాళ్ళను నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఆ హెచ్చరిక మా సంత దాకా రాలేదు. కష్టపడి కూడబెట్టుకున్న డబ్బు పోగొట్టుకున్న ఒక పనమ్మాయిని నేను ఓదార్చాల్సి వచ్చింది. ఒక బిళ్ళ ఎన్ని వేశారో, అది అరుదైనదో కాదో ప్రభుత్వం తేటగా చెబితే ఆ మోసగాడికి చెప్పడానికి కథ మిగలదు. ఏ ఏడాది, ఏ టంకశాల, ఏ విలువ, ఎన్ని లక్షల బిళ్ళలు అన్నది మామూలు మనిషి ఒక చోట చూసుకునేలా ఏటా బయటపెట్టండి. సేకర్తగా నాకూ అదే కావాలి, ఆ పనమ్మాయికీ అదే కావాలి.

2022 జూన్ 6న ప్రధాని చేతుల మీదుగా స్వాతంత్ర్య అమృత మహోత్సవం గుర్తుతో రూపాయి నుంచి ఇరవై రూపాయల దాకా అయిదు బిళ్ళలు వచ్చాయి. ఇవి దాచుకునేవి కావు, చెలామణీలో భాగమని అప్పుడే చెప్పారు. చూపు లేనివాళ్ళకు కూడా తేలిగ్గా తెలిసేలా చేశామన్నారు. నాకు ఆ రోజు చాలా సంతోషమైంది. ఆ బిళ్ళలు గల్లాలో పడుతూనే ఉన్నాయి, మా మనవరాలు ఏరుకుంటూనే ఉంది. అంటే పద్ధతి చచ్చిపోలేదు. చేయగలరు, చేశారు.

కాబట్టి పెద్ద విలువ నాణేలు ఆపమని నేను కోరడం లేదు. కొనగలిగినవాళ్ళు కొననివ్వండి, వెండి మీద మంచి పని కనబడనివ్వండి. ఏడాదికి ఒక్క సందర్భం ఎంచుకుని దాన్ని అయిదు రూపాయల మీదో ఇరవై రూపాయల మీదో కూడా వేసి, ముఖవిలువకే బ్యాంకుల ద్వారా వదలండి. ఏడాదికి ఒక్కటే అయితే జనం బెదరరు. ఆ బొమ్మ ఏమిటో, ఎందుకు వేశారో, చెల్లుతుందో చెప్పే ఒక కాగితం స్థానిక భాషల్లో అచ్చువేసి బ్యాంకు గోడకు, సంత మొదట్లో అంటించండి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో అది ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఈ జిల్లాల బ్యాంకు శాఖలకు ఆ సంచులు చివర్లో కాక మొదటి విడతలోనే పంపండి. కటక్, విశాఖపట్నం నిండాక మిగిలితే హద్దు ఊళ్ళకు వచ్చే అలవాటు సరుకులకు చాలు, నాణేలకు వద్దు.

మొదటి బొమ్మ ఎవరిదని అడిగితే నా మాట ఇది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి. తెలుగు బడి పుస్తకం మనుషులు మాట్లాడే తెలుగులో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన చేసిన ఇంకో పని మీద తెలుగువాళ్ళు తగినంత మాట్లాడరు. మహేంద్రగిరి చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి, నిఘంటువు కూర్చారు. ఒక మనిషి మూడు భాషల వాళ్ళ సంతలో తలెత్తుకుని నిలబడగలడంటే మా హద్దులో ఆయన్ని మించినవాడు నాకు కనబడడు. నూరేళ్ళు, నూట యాభై ఏళ్ళు అన్న లెక్క ఆయనకు ఇప్పుడు కుదరకపోవచ్చు. లెక్క కుదిరేదాకా ఆగవద్దని విన్నపం.

ఆ బిళ్ళ అయిదు రూపాయలదై ఉండాలి. పర్లాకిమిడి సంతలో పసుపు కొమ్ములు అమ్ముకోవడానికి దిగివచ్చే సవర ఆడమనిషికి మిగతా చిల్లరతో పాటు అది దొరకాలి, ఒక్క పైసా అదనంగా కట్టకుండా. ఏ ఏడాదైతే అలాంటిది ఒకటి వేస్తారో ఆ ఏడాది మీ పెద్ద విలువ నాణెం పెట్టె కూడా నేను మళ్ళీ కొనడం మొదలుపెడతాను.

జవాబు హిందీలో రాసినా, ఒడియాలో రాసినా, తెలుగులో రాసినా చదువుకోగలను.

ఇట్లు,
కిరాణా వర్తకుడు, నాణేల సేకర్త
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా